ఏడో దర్శనీయ స్థలం

తాను దర్శనీయ స్థలమైన సంగతి గరికిన పోలయ్యకు బోర్డు పాతాకే తెలిసింది.

పొద్దున్నే ఎర్ర తుండు భుజాన వేసుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని, రోజూలాగే కొండెక్కి తన బండ దగ్గరకు వెళ్ళాడు. అక్కడ పచ్చరంగు బోర్డొకటి నిలబడి ఉంది. పోలయ్య చదువు రెండో తరగతి దాటలేదు కనుక కూడబలుక్కుని చదివాడు. 'దర్శనీయ స్థలం - 7. సంప్రదాయ తుండుగుడ్డ విన్యాసము' అని పైన పెద్దక్షరాల్లో ఉంది. 'ఇచ్చట జరుగు సంప్రదాయమును యథాతథముగా పరిరక్షించుటకు సంస్థ కట్టుబడి యున్నది. ఆటంకపరచువారు శిక్షార్హులు' అని కింద చిన్నక్షరాల్లో ఉంది. అన్నిటికన్నా కింద ఒక బాణం గుర్తు వేసి ఉంది. పోలయ్య ఆ బాణం ఎటు చూపిస్తోందా అని చూశాడు. అది తను కూర్చునే బండనే చూపిస్తోంది.

చిలకరేవు పెద్ద ఊరేం కాదు. అయినా సముద్రం ఉంది కాబట్టి నలుగురూ వస్తారు. వచ్చినవాళ్ళకు చూపించడానికి వెలగని దీపస్తంభం ఉంది, ఎవరివో తెలియని దొరల సమాధులు ఉన్నాయి, గబ్బిలాల గుహ, సరుగుడు తోట, ఉప్పుటేరు మీద చెక్క వంతెన ఉన్నాయి. ఆరోది ఇసుక. ఇన్నాళ్ళూ ఇవి చాలకపోతాయేమోనని ఎవరూ బెంగపడలేదు. కానీ తీర వీక్షణాభివృద్ధి సంస్థ పైవాళ్ళకు ఉన్నట్టుండి ఊళ్ళకు తరగతులు కట్టాలన్న ఉత్సాహం పుట్టింది. ఏడు దర్శనీయ స్థలాలు ఉన్న ఊరు మొదటి తరగతి, అంతకు ఒక్కటి తగ్గినా అసలు చూడదగ్గ ఊరే కాదు, అలాంటి చోట సంస్థకు కార్యాలయమూ అక్కర్లేదు, అందులో అధికారీ అక్కర్లేదు అని తాకీదు వచ్చింది.

చిలకరేవు కార్యాలయంలో అధికారి పరాంకుశం గారు. ఆయన ఏడోదాని కోసం వెతకని చోటు లేదు. సూర్యోదయం పెడదామంటే దాన్ని పక్క జిల్లావాళ్ళు అప్పటికే తమ పేర రాయించుకున్నారు. పోనీ సూర్యాస్తమయం అందామంటే, తూర్పు తీరం కావడం చేత సూర్యుడు వెళ్ళి ఊరి వెనక రైస్‌మిల్లులో పడతాడు. కాళ్ళు నొప్పులు పుట్టి కొండ మీద కూర్చున్నప్పుడు ఆయనకు పోలయ్య కనిపించాడు.

పోలయ్య చేసేది చూడ్డానికి చిన్న పనే. కొండ మీద నుంచి సముద్రం వంక చూస్తూ ఉంటాడు. నీళ్ళ రంగు తేడాగా ఉండి, పైన పక్షులు కమ్మితే, కింద చేపల మంద ఉన్నట్టు. వెంటనే లేచి తుండు ఊపుతాడు. కుడికి విసిరితే దక్షిణానికి వెళ్ళమని, ఎడమకి విసిరితే ఉత్తరానికి వెళ్ళమని, తల చుట్టూ తిప్పితే వల విడవమని. ఒడ్డున అలివి వల వేసుకుని కాచుకున్న పడవలు ఆ ప్రకారం వెళ్ళి, మంద చుట్టూ వల తిప్పుకొస్తాయి. రెండు కొసల తాళ్ళూ పట్టుకుని జాలరిపేట మొత్తం ఒడ్డుకు లాగుతుంది. కొండ మీద తుండు లేచాక ఎందుకని అడగడం పేటలో లేదు. తింటున్నవాడు కంచం వదిలి లేవాల్సిందే.

దానికి బదులుగా పోలయ్యకు కొండపాలు అని ఒక హక్కు ఉంది. వల ఒడ్డుకు చేరాక, పంపకాలకు ముందు, అందులో పడ్డవాటిలో తనకు నచ్చినదొకటి ఏరుకోవచ్చు. చేపే కానక్కర్లేదు. ఒక తుఫాను తర్వాత వలలో ఎవరి ఇంటిదో టేకు తలుపు కొట్టుకొస్తే పోలయ్య తండ్రి దాన్నే ఏరుకున్నాడు. ఇప్పటికీ పోలయ్య ఇంటికి ఉన్నది ఆ తలుపే. కొండమీదివాడు ఏరుకున్నాక మరొకరు దాని మీద చెయ్యి వెయ్యరు, మాట కూడా వెయ్యరు.

పోలయ్య తుండు ఊపడం, పడవలు కదలడం, ఎక్కణ్ణుంచో వచ్చిన కుటుంబమొకటి చప్పట్లు కొట్టడం, అన్నీ పరాంకుశం గారు ఒకేసారి చూశారు. ఏడోది దొరికింది.

బోర్డు పాతిన మర్నాడే ఆయన కొండకు కుర్చీ పంపించారు. కుర్చీతోపాటు జరీ అంచు శాలువా వచ్చింది, చుట్టూ ఇనప కమ్మీలు వచ్చాయి, ఈల పట్టుకున్న కాపలావాడు వచ్చాడు. నిజం చెప్పొద్దూ, పోలయ్యకు ఒళ్ళు పొంగింది. తాత తుండు ఊపాడు, తండ్రి ఊపాడు, ఒక్కడికీ కుర్చీ వెయ్యలేదు. జనం టికెట్ కొనుక్కుని మరీ కొండెక్కి తనతో ఫొటోలు దిగుతుంటే మీసం దువ్వుకోవడం నేర్చాడు. గాలికి శాలువా ఎగిరేటట్టు ఏ పక్కకు తిరిగి నిలబడాలో కూడా నేర్చాడు.

ఇంటికి వచ్చి ఈ వైభోగం భార్య దేముడమ్మకు చెప్పుకున్నాడు. ఆవిడ ఎండు చేపలు తిరగేస్తూ అంతా విని, "గుడినో గోపురాన్నో సూడ్డానికొత్తారు గానీ నీ మొకం సూడ్డానికొత్తారేటి మావా" అంది.

"బోర్డేసినారే. నానిప్పుడు దరిసినీయ స్తలం."

"అయితే ఆ స్తలాన్నే ఉండు. ఇక్కడికి కూటికి రాకు" అని ఆవిడ మళ్ళీ చేపల మీద పడింది.

మొదటి చిక్కు ఆ వారమే వచ్చింది. పర్యాటకులకు వేళాపాళా ఉండాలి కనుక పోలయ్య పొద్దున ఫలహారాలయ్యాక ఒకసారి, సాయంత్రం టీలకు ముందు ఒకసారి తుండు ఊపాలని పరాంకుశం గారు నిర్ణయించారు. చేపలు లేకుండా ఊపడమెలాగ బాబూ అని పోలయ్య అడిగితే, సంస్థ బాధ్యత విన్యాసం వరకే, చేపలు మత్స్యశాఖ కిందికి వస్తాయి అన్నారు. పోలయ్య ఊపాడు. పడవలు వెళ్ళాయి. ఒట్టి నీళ్ళలో వల తిప్పి, పేటంతా కలిసి లాగితే, చెప్పొకటి, జెల్లీ చేపలు పడ్డాయి. ఊరిపెద్ద బంగారయ్య కొండెక్కి వచ్చి మర్యాద మరిచి నాలుగూ అన్నాడు. చివరకు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. టికెట్ వేళల్లో పోలయ్య కాకుల్ని తోలినట్టు అడ్డదిడ్డంగా ఊపుతాడు. అది చూసి పడవలు కదలవు. నిజంగా మంద కనిపించినప్పుడు మాత్రం ఎప్పటిలా కుడి ఎడమల లెక్కన ఊపుతాడు.

ఈ ఏర్పాటు బాగానే ఉండేది గానీ, ఒక మధ్యాహ్నం మంద కనిపించి పోలయ్య నిజం ఊపు ఊపేసరికి కాపలావాడు ఈల వేశాడు. కింద రోడ్డు మీద ఎవరో కారు ఆపి, టికెట్ లేకుండా ఆ ఊపంతా చూసేశారట. పరాంకుశం గారు జీపులో వచ్చి ఆయాసపడుతూ కొండెక్కారు.

"పోలయ్యా, వేళ కాని వేళ తుండు ఊపడమంటే దర్శనీయ స్థలాన్ని ఉచితంగా ప్రదర్శించడం. సదరు చర్య వల్ల సంస్థకు అపారమైన వీక్షణ నష్టం. ఇకమీదట నిర్ణీత వేళల్లో తప్ప తుండు భుజం దిగరాదు."

"మరి చేపలో బాబూ. ఆటికి మన ఏళలు తెల్వవు గదా."

"మీ విన్నపం పరిశీలనలో ఉంది" అన్నారు పరాంకుశం గారు. అని జీపెక్కారు.

అంతటితో లోకం తలకిందులైంది. అబద్ధపు ఊపు విధి అయింది, నిజం ఊపు నేరమైంది. కార్తీకం వచ్చింది. కవ్వళ్ళ చేపలు మందలు మందలుగా ఒడ్డుకొచ్చే కాలం అదే. ఈ ఒక్క కాలంలో ఎండబెట్టుకున్న చేపే పేటకు వానాకాలం దాకా కూడు. కొండ మీద పోలయ్య కళ్ళారా చూస్తుండగానే మందలు వస్తున్నాయి, నల్లటి దుప్పటి పరిచినట్టు ఒడ్డు దగ్గర తిరుగుతున్నాయి, వెళ్ళిపోతున్నాయి. తుండు మీద చెయ్యి పడగానే ఈల మోగుతోంది. ఒకసారి తెగించి సగం ఊపితే తుండు లాక్కుని సాయంత్రం దాకా ఇవ్వలేదు. పేటలో ఎవరిని కొండెక్కించినా ఇదే కథ.

పర్యాటకులూ సుఖపడలేదు. తుండు ఊపుతున్నాడు గానీ పడవలు కదలడం లేదు, చేపలు పడడం లేదు, ఇదేం దర్శనీయమని గొణిగారు. పరాంకుశం గారు ఆలోచించి, బజారు నుంచి తట్టెడు చేపలు తెప్పించి వలలో పోయించారు. ఐసులో ఉన్న చేపలు కావడం వల్ల అవి కదల్లేదు. వాటిని కదిలించే విషయం కూడా పరిశీలనలో ఉందని ఆయన ప్రకటించారు.

పోలయ్యకు శాలువా ముళ్ళకంపలా గుచ్చుకోవడం మొదలైంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ సామెత తనకోసమే పుట్టిందనుకున్నాడు. పేటలోంచి నడిచి వస్తుంటే ఖాళీ వలల పక్కన కూర్చున్నవాళ్ళు తల తిప్పుకుంటున్నారు. చివరికి ఒకనాడు బంగారయ్య ఇంటికే వచ్చాడు. టేకు తలుపు బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"తమ్ముడూ, ఈ పున్నమి కాడికి పేటకి చేప సూపించు. నేదంటే తుండు దించి నా సేతికియ్యి. కొండని వొదిలేసి దచ్చిణం ఎలిపోతాం మేవందరం."

మూడు తరాలుగా కొండమీదివాళ్ళు తుండును చచ్చేనాడే దించారు. బతికుండగా దించినవాడు పేటలో లేడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. దేముడమ్మ వెక్కిరిస్తుందనుకున్నాడు గానీ ఆవిడ వెక్కిరించలేదు. కంచంలో ఆఖరి ఎండు చేప వేసి, "ఆళ్ళ గొంతుకతోనే ఆళ్ళకి సెప్పాల మావా. మన గొంతు ఆళ్ళకి ఇనబడదు" అంది. ఆ మాట అప్పటికి పోలయ్యకు అర్థం కాలేదు.

పున్నమికి ముందు రోజునే ప్రారంభోత్సవం పెట్టారు. ఏడో దర్శనీయ స్థలాన్ని సంస్థ చైర్మన్ గారు స్వహస్తాలతో తుండు ఊపి జాతికి అంకితం చేస్తారు. అదే సమయానికి కింద సముద్రంలో, మామిడి తోరణాలు కట్టిన విహార నౌక ఒకటి కొండకెదురుగా నిలబడి ఉంటుంది. అందులో పరాంకుశం గారు, ఆయన సిబ్బంది, 'ఏడు' అంకె రాసిన నిలువెత్తు అట్టతో ఫొటోలో పడేటట్టు నిలబడతారు. కార్యక్రమం అంతా పరాంకుశం గారే రాశారు కనుక ఫొటోలో తన చోటు ఆయన మరిచిపోలేదు.

పొద్దుటి నుంచే పోలయ్య కొండ మీద ఉన్నాడు. చైర్మన్ గారు రావలసిన వేళ దాటిపోయింది. సముద్రం మీద పక్షులు కమ్మడం మొదలైంది. చూస్తుండగానే ఉత్తరం నుంచి నల్లటి మరక ఒకటి ఒడ్డు పక్కనే సాగి వస్తోంది. పోలయ్య తన జన్మలో అంత మందను చూడలేదు. కొండ దిగి ఒడ్డుకు పరిగెత్తి, నౌక ఎక్కబోతున్న పరాంకుశం గారికి అడ్డం పడ్డాడు.

"బాబూ, మంద ఒచ్చీసింది. ఒక్కపాలి ఊపనియ్యండి. పేటంతా బతికిపోద్ది."

"చైర్మన్ గారి కన్నా ముందు నువ్వు ఊపుతావా. మర్యాద ఏమైనా ఉందా."

"అయ్యోరు వొచ్చేతలికి చేప ఆగదు బాబూ."

"పరిశీలనలో ఉందని చెప్పానా లేదా" అని పరాంకుశం గారు పంచె తడవకుండా పైకెత్తి నౌకెక్కారు.

పోలయ్య మళ్ళీ కొండెక్కాడు. ఎక్కేసరికి కార్లు వచ్చాయి. చైర్మన్ గారు మంచి భారీ మనిషి. దండలతో వచ్చి, రిబ్బను కత్తిరించి, సముద్రం పురాతనమైనదని, తుండు అంతకన్నా పురాతనమైనదని ప్రసంగించారు. ఒడ్డున పడవల దగ్గర బంగారయ్య మనుషులు ఆశ చావక కొండ వంకే చూస్తూ నిలబడ్డారు. మంద సరిగ్గా విహార నౌక చుట్టూ చేరింది. తోరణాల నీడ చల్లగా ఉందో ఏమో అక్కడే తిరుగుతోంది. చైర్మన్ గారు ఎర్ర తుండు చేతిలోకి తీసుకుని, దీన్ని ఎలా ఊపాలయ్యా అని అడిగారు.

ఆ క్షణంలో దేముడమ్మ అన్న మాట పోలయ్య బుర్రలో వెలిగింది. వేళ నిర్ణీత వేళే. ఊపేవారు స్వయానా చైర్మన్ గారు. ఈల పట్టుకున్నవాడు ఈలను జేబులో దాచుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇలగ బాబూ, నానెనకాల నిలబడి సెప్తాను. ముందు ఎడమకి ఇసరండి. ఇంకా గట్టిగ."

చైర్మన్ గారు ఎడమకి విసిరారు. కింద ఒడ్డున క్షణంపాటు ఎవరూ కదల్లేదు. అది కాకుల్ని తోలే ఊపు కాదని బంగారయ్యకు అర్థం కావడానికి ఆపాటి సమయం పట్టింది. తర్వాత పడవలు నీళ్ళలో పడ్డాయి. తన చెయ్యి కదిపితే సముద్రం మీద పడవలు కదలడం చూసి చైర్మన్ గారికి పట్టరాని ఆనందం కలిగింది. అన్ని సభల్లో చేతులు ఊపినా ఇంత ఫలితం ఆయన ఎన్నడూ చూడలేదు. కుడికి అంటే కుడికి, మళ్ళీ ఎడమకి అంటే ఎడమకి విసిరారు. ఫొటోలవాళ్ళు మరోసారి అంటే మరోసారి ఊపబోయారు గానీ, అది మాత్రం వొద్దు బాబూ అని పోలయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు తల సుట్టూ తిప్పండి" అన్నాడు.

తిప్పారు. వల పడింది. విహార నౌక నడిపేవాడూ పేటవాడే. తల చుట్టూ తుండు తిరిగాక చేప బెదిరిపోకుండా ఇంజను ఆపడం వాడికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆపేశాడు. పడవ మంద చుట్టూ వల తిప్పుకుని ఒడ్డుకు వచ్చేసింది. మంద లోపల ఉంది. మంద మధ్య నౌక ఉంది. నౌకలో 'ఏడు' పట్టుకుని పరాంకుశం గారు చిరునవ్వుతో ఉన్నారు.

లాగడం మొదలైంది. పేట అంతా తాళ్ళ మీద పడింది. దేముడమ్మ చీర చెంగు బిగించి ముందు వరసలో నిలబడింది. ముచ్చటపడి పర్యాటకులూ చేతులు వేశారు. వల దగ్గరకొచ్చేకొద్దీ నీళ్ళు ఉడుకుతున్నట్టు చేపలు ఎగిరాయి, కొన్ని ఎగిరి నౌకలో పడ్డాయి, పరాంకుశం గారు అట్టను అడ్డం పెట్టుకున్నారు. నౌక అడుగు ఇసుకకు తగిలి ఒరిగింది. ఆయన జారి, నడుం లోతు కవ్వళ్ళలో కూర్చున్నారు. ఈ కాలంలో పోగొట్టుకున్నదంతా ఆ ఒక్క వలలో వచ్చింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పోలయ్య కొండ దిగి వస్తుంటే తల తిప్పుకున్నవాళ్ళే ఎదురొచ్చి భుజాల మీద ఎత్తుకున్నారు.

బంగారయ్య అందర్నీ పక్కకు జరిపి, కొండపాలు తీసుకోమన్నాడు. వలలో ఒక పక్క మనిషంత వంజరం చేప ఒకటి కొట్టుకుంటోంది. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. పోలయ్య దాన్ని దాటుకుంటూ వెళ్ళి పరాంకుశం గారి భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకీ బాబు కావాల" అన్నాడు.

పరాంకుశం గారు తాను ప్రభుత్వపు మనిషినని, పంపకాలకు లోబడనని, కావాలంటే నిబంధనలు చూసుకోమని అన్నారు. వలలో పడ్డదేదైనా కొండమీదివాడు ఏరుకోవచ్చని బంగారయ్య శాంతంగా చెప్పాడు. ఈ లోగా చైర్మన్ గారు కిందికి వచ్చారు. సంగతంతా విని, పకపకా నవ్వి, పాతిన బోర్డు మీద ఏం రాసిందో చదివి రమ్మని ఈలవాణ్ణి పంపించారు. వాడు చదివి వచ్చి, సంప్రదాయాన్ని యథాతథంగా కాపాడాలనీ, ఆటంకపరిస్తే శిక్షార్హులనీ ఉందండీ అన్నాడు. ఎవరు రాయించారని అడిగారు. పరాంకుశం గారు తల వంచుకున్నారు.

"మొట్టమొదటి రోజునే సంస్థ మాట తప్పితే ఎలా పరాంకుశం. వెళ్ళు" అన్నారు చైర్మన్ గారు.

దొరికిన అధికారిని ఏం చేసుకుంటావు మావా, తలుపయితే ఇంటికి పనికొచ్చింది అని దేముడమ్మ అడిగింది. పోలయ్య ముందే ఆలోచించుకున్నాడు. శాలువా తీసి పరాంకుశం గారికి కప్పాడు.

ఇప్పుడు చిలకరేవు మొదటి తరగతి ఊరు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. పొద్దున ఫలహారాలయ్యాక ఒకసారి, సాయంత్రం టీలకు ముందు ఒకసారి, కమ్మీల మధ్య పరాంకుశం గారు నీలం తుండు పట్టుకుని కాకుల్ని తోలినట్టు ఊపుతారు. నీలం తుండును పేటలో ఎవరూ లెక్కచెయ్యరు. బోర్డు మీద విన్యాసం అని ఉంది గానీ ఎవరు చెయ్యాలో లేదు కనుక సంస్థకూ అభ్యంతరం లేదు. జనం చప్పట్లు బాగానే కొడుతున్నారు. ఆయనకు మీసం లేకపోవడం ఒక్కటే లోటు. కాస్త కింద, బోర్డు లేని బండ మీద, ఎర్ర తుండు భుజాన వేసుకుని పోలయ్య సముద్రం చూసుకుంటూ ఉంటాడు. అతన్ని ఎవరూ చూడరు.

మొన్నామధ్య పరాంకుశం గారికి పెద్ద పదవి ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. రాజధానిలో గది, గదిలో ఏసీ. కాకపోతే కొండపాలుగా ఇచ్చినదాన్ని కొండమీదివాడి అనుమతి లేకుండా కదల్చడం సంప్రదాయ విరుద్ధమని అందులోనే చివర్లో రాశారు. ఆయన శాలువా సర్దుకుని, కమ్మీలు దాటి, బండ దగ్గరకు దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"పోలయ్యగారూ, నా సంగతి ఏమైనా ఆలోచించారా" అన్నారు.

పోలయ్య సముద్రం మీంచి కళ్ళు తిప్పలేదు. చుట్ట తీసి, పొగ నెమ్మదిగా వదిలాడు.

"పరిసీలన్లో ఉంది బాబూ" అన్నాడు.